రస్ట్‌లో లాగింగ్, ట్రేసింగ్, మెట్రిక్స్: బరువు ఎక్కడ పడుతుంది?

సర్వర్ కోడ్‌కి రస్ట్‌ను ఎంచుకున్న టీములను కారణం అడిగితే ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి: వేగం, మెమరీ భద్రత. గార్బేజ్ కలెక్టర్ లేదు, చాలా తప్పులు కంపైలర్ దగ్గరే దొరికిపోతాయి. అయితే కంపైలర్ పట్టలేని సంగతులు ప్రొడక్షన్‌లో బోలెడు. డేటాబేస్ కనెక్షన్ కోసం రిక్వెస్టులు క్యూ కడతాయి. పక్క సర్వీసు జవాబు ఇవ్వకుండా కూర్చుంటుంది. ఒక్క కస్టమర్ పంపిన పెద్ద ఫైలు వల్ల అందరి పనీ నెమ్మదిస్తుంది. ఇవి తెలియాలంటే ప్రోగ్రామే నోరు విప్పి చెప్పాలి. కానీ అది అదేపనిగా మాట్లాడుతూ కూర్చుంటే, ఏ వేగం కోసం ఈ భాషకి వచ్చామో ఆ వేగమే కరిగిపోతుంది.

అందుకే ‘తేలికైన లాగింగ్ లైబ్రరీ ఏది?’ అనే ప్రశ్న తరచూ వస్తుంటుంది. అది సగం ప్రశ్నే. ఖర్చు పడేది నాలుగు చోట్ల: ఆపేసి ఉంచిన లాగ్ లైనును దాటి వెళ్లేటప్పుడు, ఆన్‌లో ఉన్న లైనును అక్షరాలుగా మార్చేటప్పుడు, ఆ అక్షరాలను బయటికి రాసేటప్పుడు, రాసినదాన్ని నెలల తరబడి దాచేటప్పుడు. వీటిలో మొదటి ఖర్చును రస్ట్ లైబ్రరీలు దాదాపు సున్నాకి తెచ్చేశాయి. మిగతా మూడూ ఇప్పటికీ కోడ్ రాసేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. ఈ సమీక్షలో ప్రతి పనిముట్టునూ ఆ లెక్కతోనే చూద్దాం.

మూడు ప్రశ్నలు, మూడు ఖర్చులు

లాగ్ ఒక ఘటనను చెబుతుంది: ఫలానా సమయానికి ఫలానాది జరిగింది. ట్రేస్ ఒక రిక్వెస్ట్ నడిచిన దారిని చెబుతుంది: ఎక్కడెక్కడికి వెళ్లింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది. మెట్రిక్ మొత్తం పరిస్థితిని చెబుతుంది: నిమిషానికి ఎన్ని వచ్చాయి, ఎన్ని విఫలమయ్యాయి, వందలో తొంభై తొమ్మిది ఎంతలోపు ముగిశాయి.

ఈ మూడూ ఒకేసారి పుట్టినవి కావు. యూనిక్స్ లోకానికి సిస్‌లాగ్‌ను 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ ప్రాజెక్టులో భాగంగా అందించాడు. ఒక రిక్వెస్ట్‌ను అనేక యంత్రాల మీదుగా వెంటాడే పద్ధతికి 2010లో గూగుల్ వెలువరించిన డాపర్ పత్రం దారి వేసింది. మెట్రిక్స్‌లో ఇవాళ వాడుక భాషలా మారిన ప్రొమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలై, 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో కుబర్నెటీస్ తర్వాత రెండో ప్రాజెక్టుగా చేరింది.

ఖర్చు పెరిగే తీరు కూడా మూడింటికీ మూడు రకాలు. లాగ్ ఖర్చు ట్రాఫిక్‌తో పాటే పెరుగుతుంది. మెట్రిక్‌కు ట్రాఫిక్‌తో పెద్దగా పని లేదు. పది రిక్వెస్టులొచ్చినా పది లక్షలొచ్చినా కౌంటర్ అదే ఒక్క అంకె. లేబుళ్ల రకాలు పెరిగితేనే దానికి ఖర్చు. ట్రేస్ ఖర్చు కూడా ట్రాఫిక్‌తో పెరిగేదే కానీ, కొన్ని రిక్వెస్టులనే ఎంచుకుని మిగతావాటిని వదిలేసే వీలుంది. డాపర్ తొలి ప్రొడక్షన్ వెర్షన్‌లో సగటున 1024 రిక్వెస్టులకు ఒక్కదాన్నే పట్టుకునేవారు. ఏ ప్రశ్నకు ఏ పనిముట్టు అన్నది తేల్చుకుంటే బరువు సగం దిగినట్టే. నిమిషానికి ఎన్ని ఎర్రర్లో తెలుసుకోవడానికి లాగ్ ఫైళ్లను గాలించే టీము, ఒక్క కౌంటర్‌తో పోయేదానికి గిగాబైట్లు మోస్తోంది.

ప్రింట్‌ఎల్‌ఎన్ ఎందుకు చాలదు

రస్ట్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ప్రింట్‌ఎల్‌ఎన్! మాక్రోతోనే మొదలుపెడతారు. 2019 జనవరిలో 1.32 వెర్షన్‌తో వచ్చిన డీబీజీ! ఇంకాస్త సౌకర్యం: విలువతో పాటు ఫైలు పేరు, లైను నంబరు కూడా చూపిస్తుంది. సొంత యంత్రం మీద తప్పు వెతుక్కోవడానికి రెండూ బాగానే ఉంటాయి. సర్వర్‌లోకి వెళ్తే లోపాలు బయటపడతాయి. ప్రింట్‌ఎల్‌ఎన్! పిలిచిన ప్రతిసారీ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి లాక్ పడుతుంది. థ్రెడ్లన్నీ ఒకే గుమ్మం దగ్గర ఆగాల్సిందే. పైగా ఆ అవుట్‌పుట్ లైను లెక్కన బఫర్ అవుతుంది కనుక, మామూలుగా ప్రతి లైనుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకసారి పిలవాలి. ఇంకో సంగతి చాలామందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది: అవుట్‌పుట్ అందుకునే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి రాత విఫలమైతే, ప్రింట్‌ఎల్‌ఎన్! పానిక్ అవుతుంది. సమాచారం చెప్పడానికి పెట్టిన లైనే పనిని ఆపేస్తుందన్నమాట.

వీటన్నింటికంటే పెద్ద లోపం, దాన్ని ఆపే మీట లేకపోవడం. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న తేడా లేదు. మాడ్యూల్ వారీగా తగ్గించే వీలూ లేదు.

లాగ్ క్రేట్: వైరింగ్ ఒకరిది, ఫ్యాన్ ఒకరిది

ఈ లోటును తీర్చడానికి రస్ట్ ఎంచుకున్న మార్గం తెలివైనది. లాగ్ అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ) తనంతట తాను ఎక్కడా ఏమీ రాయదు. ఎర్రర్!, వార్న్!, ఇన్‌ఫో!, డీబగ్!, ట్రేస్! అనే ఐదు స్థాయిల మాక్రోలు ఇచ్చి ఊరుకుంటుంది. లైబ్రరీ రాసేవాళ్లు వాటినే వాడతారు. ఆ మాటలు తెర మీదికి పోవాలా, ఫైల్లోకి పోవాలా, అసలు పోవాలా వద్దా అన్నది చివరి ప్రోగ్రాం రాసేవాళ్లు తేలుస్తారు. ఇల్లు కట్టినవాడు వైరింగ్ చేసి పెట్టి, ఏ ఫ్యాన్ బిగించుకోవాలన్నది అద్దెకు దిగినవాళ్లకి వదిలేసినట్టే. అప్పుడు ఎన్వ్_లాగర్, ఫెర్న్, లాగ్4ఆర్ఎస్ వంటివాటిలో నచ్చినదాన్ని బిగించుకోవచ్చు. ఎన్వ్_లాగర్‌తో అయితే రస్ట్_లాగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో మాడ్యూల్ వారీగా స్థాయిలు మార్చుకోవచ్చు.

ఏ లాగరూ బిగించకపోతే ఒక్కో లాగ్ లైనుకు అయ్యే ఖర్చు ఒక అంకెను చదవడం, పోల్చడం, పక్కకు దూకడం. అంతే. అది కూడా వద్దనుకుంటే కంపైల్ సమయంలోనే కింది స్థాయిలను కోసేసే ఫీచర్లున్నాయి. రిలీజ్ బిల్డ్‌లో ఇన్‌ఫో దాకానే ఉంచమంటే, డీబగ్, ట్రేస్ లైన్లు బైనరీలోకే రావు. కానీ రెండు జాగ్రత్తలు. రస్ట్ ప్యాకేజీ మేనేజర్ కార్గో ఒకే క్రేట్ ఫీచర్లన్నింటినీ కలిపేస్తుంది కనుక ఈ కోత చివరి ప్రోగ్రామే పెట్టుకోవాలి. లైబ్రరీ పెడితే దాన్ని వాడే అందరి లాగులూ తెగిపోతాయి. రెండోది, ఒకసారి కోసేశాక అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో సమస్య వస్తే డీబగ్ ఆన్ చేసే దారి ఉండదు. కొత్త బిల్డ్ వేయాలి. క్షణానికి లక్షలసార్లు తిరిగే లూపుల్లోని ట్రేస్ స్థాయికి ఈ కోత మంచిది. డీబగ్‌ను మాత్రం రన్‌టైమ్‌లోనే ఆపి ఉంచడం మేలు.

మాక్రో ఆఫ్‌లో ఉన్నప్పుడు దానికిచ్చిన ఆర్గ్యుమెంట్లు కూడా లెక్కకు రావు. ఈ లాభాన్నే చాలామంది పొరపాటున కోల్పోతుంటారు. ఆర్డర్ మొత్తాన్ని జేసన్‌గా మార్చి, ఆ స్ట్రింగ్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టి, తర్వాతి లైనులో డీబగ్!కి ఇస్తారు. డీబగ్ ఆపేసి ఉన్నా జేసన్ మార్పిడి ప్రతి రిక్వెస్ట్‌కూ జరుగుతూనే ఉంటుంది. ఆ మార్పిడిని మాక్రో కుండలీకరణాల లోపలికి తోస్తే చాలు, ఖర్చు మాయం. ప్రొఫైలర్ పెట్టి చూస్తే లాగింగ్ బరువు అనుకున్నది లాగింగ్ లైబ్రరీది కాదని, ఇలాంటి లైన్లదని తేలడం మామూలే.

లాగ్ క్రేట్ చాలాకాలం పాటు ఉత్త వాక్యాలనే మోసింది. ‘ఆర్డర్ 4512 పేమెంట్ ఫెయిలైంది, 3000 మిల్లీసెకన్లు’ అని రాస్తే మనిషికి అర్థమవుతుంది. కానీ మూడు సెకన్లు దాటినవన్నీ తీయమంటే యంత్రానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లే దిక్కు. ఆర్డర్, వ్యవధి, కారణం అని విడివిడి ఫీల్డులుగా రాయడమే దీనికి మందు. స్లాగ్ అనే క్రేట్ ఈ పనిని ముందే చేసింది. లాగ్ క్రేట్‌లో ఫీల్డుల సౌకర్యం 2024లో 0.4.21తో స్థిరపడింది.

అసింక్ వచ్చాక ట్రేసింగ్

2019 నవంబరులో రస్ట్ 1.39తో అసింక్-అవెయిట్ స్థిరపడింది. అప్పటిదాకా థ్రెడ్ నంబరు చూసి ఏ రిక్వెస్ట్ లైను ఏదో పోల్చుకునేవాళ్లకి ఆ ఆధారం పోయింది. ఒకే థ్రెడ్ ఒక రిక్వెస్ట్ పని కొంత చేసి, అవెయిట్ దగ్గర దాన్ని పక్కనపెట్టి, మరోదాన్ని అందుకుంటుంది. మొదటిది మళ్లీ లేచేది ఇంకో థ్రెడ్ మీద కావచ్చు. లాగ్ లైన్లన్నీ కలగాపులగమైపోతాయి.

అసింక్ రన్‌టైమ్ టోకియోను నడిపే బృందం దీనికి కట్టిన జవాబే ట్రేసింగ్ క్రేట్. టోకియో-ట్రేస్ పేరుతో మొదలై, 2019లో ఈ పేరుతో విడుదలైంది. టోకియో బృందానిది అయినా టోకియో రన్‌టైమ్ లేకుండా కూడా పనిచేస్తుంది. ఇందులో ఈవెంట్ అంటే ఒక క్షణం, స్పాన్ అంటే మొదలూ చివరా ఉన్న ఒక వ్యవధి. రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఆర్డర్ నంబరుతో ఒక స్పాన్ తెరిస్తే, దాని లోపల జరిగే ప్రతి ఈవెంట్‌కూ ఆ నంబరు తనంతట తానే అంటుకుంటుంది. ప్రతి ఫంక్షన్‌కూ ఆర్డర్ నంబరును చేతికిచ్చి పంపనక్కర్లేదు.

వేగం విషయంలో దీని కిటుకు కాల్‌సైట్ దగ్గర ఉంది. ప్రతి మాక్రో ఉన్న చోటుకూ పేరు, స్థాయి, ఫైలు, లైను వంటి వివరాలు స్టాటిక్‌గా నిలిచిపోతాయి. ఆ చోటు మీద ఆసక్తి ఉందా అని, ఈవెంట్లను అందుకునే సబ్‌స్క్రైబర్‌ను మొదటిసారి అడిగి, ‘ఎప్పుడూ వద్దు’, ‘ఎప్పుడూ కావాలి’, ‘ప్రతిసారీ అడుగు’ అన్న మూడు జవాబుల్లో ఒకటి దాచుకుంటుంది. మొదటి జవాబు వస్తే ఆ తర్వాత ఆ లైను దాటడానికి అయ్యే ఖర్చు నామమాత్రం. ఫీల్డు విలువను బట్టి వడపోసే క్లిష్టమైన ఫిల్టర్లు పెడితే మూడో జవాబు ఎక్కువవుతుంది, ఖర్చూ తిరిగొస్తుంది. కాబట్టి అలాంటి ఫిల్టర్ సమస్యను వేటాడుతున్న గంటసేపు పెట్టుకునేది, నిత్యం ఉంచుకునేది కాదు. రీలోడ్ హ్యాండిల్ వాడితే సర్వర్‌ను ఆపకుండానే ఫిల్టర్ మార్చి, పని అయ్యాక తీసేయొచ్చు.

ట్రేసింగ్-సబ్‌స్క్రైబర్ క్రేట్‌లోని లేయర్ల పద్ధతి దీన్ని ఇంకా బలపరిచింది. ఒక లేయర్ మనుషులు చదివేలా తెర మీద రాస్తుంది, ఇంకొకటి జేసన్‌గా ఫైల్లో రాస్తుంది, మరొకటి ట్రేస్ సర్వర్‌కు పంపుతుంది. పాత లైబ్రరీలు లాగ్ క్రేట్‌తో చెప్పే మాటలను కూడా ట్రేసింగ్-లాగ్ ద్వారా ఇందులోకి మళ్లించుకోవచ్చు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలన్న బాధ లేదు.

రెండు ఉచ్చులు

ట్రేసింగ్‌లో ఎక్కువమంది పడే గోతులు రెండు. మొదటిది, అసింక్ ఫంక్షన్‌లో స్పాన్ మీద ఎంటర్ పిలిచి, దాని గార్డ్‌ను చేతిలో ఉంచుకునే అవెయిట్ దాటడం. అవెయిట్ దగ్గర ఈ పని పక్కకి తప్పుకుంటుంది, గార్డ్ మాత్రం పడిపోదు. ఆ థ్రెడ్ అందుకున్న వేరే రిక్వెస్ట్ లైన్లన్నీ మన స్పాన్ ఖాతాలో పడతాయి. ఆ గార్డ్ థ్రెడ్లు దాటలేని రకం కనుక, టోకియోలో పలు థ్రెడ్ల మీద తిరిగే టాస్క్‌గా ఆ ఫంక్షన్‌ను నడపబోతే కంపైలరే ఆపుతుంది. మెయిన్ ఫంక్షన్‌లోనో, ఒకే థ్రెడ్ రన్‌టైమ్‌లోనో అయితే కంపైల్ హాయిగా అవుతుంది, ట్రేసులు మాత్రం అబద్ధాలు చెబుతాయి. ఆర్డర్ 4512 స్పాన్ కింద 4513 పేమెంట్ లైను కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. ఫ్యూచర్‌కి ఇన్‌స్ట్రుమెంట్ మెథడ్ తగిలించడమో, ఫంక్షన్ నెత్తిన ఇన్‌స్ట్రుమెంట్ ఆట్రిబ్యూట్ పెట్టడమో దీనికి సరైన దారి.

రెండో గొయ్యి ఆ ఆట్రిబ్యూట్‌లోనే ఉంది. ఒక్క లైను రాస్తే ఫంక్షన్ మొత్తానికీ స్పాన్ వస్తుంది కాబట్టి అందరికీ అది ప్రియం. కానీ మనం ఏమీ చెప్పకపోతే అది ఇన్‌ఫో స్థాయిలో స్పాన్ తెరిచి, ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లన్నింటినీ రికార్డు చేస్తుంది. మామూలు అంకెలూ స్ట్రింగులూ కాని రకాలను డీబగ్ ఫార్మాట్‌లో రాస్తుంది. లాగిన్ ఫంక్షన్ మీద పెడితే పాస్‌వర్డ్ లాగుల్లోకి పోతుంది. వెయ్యి వస్తువుల వెక్టర్‌ను తీసుకునే ఫంక్షన్ మీద పెడితే పిలిచిన ప్రతిసారీ వెయ్యి వస్తువులూ అక్షరాలుగా మారతాయి. స్కిప్_ఆల్ అని ముందే రాసి, కావాల్సిన ఒకటి రెండు ఫీల్డులను పేరుపెట్టి చేర్చడం అలవాటు చేసుకుంటే భద్రతా దక్కుతుంది, వేగమూ దక్కుతుంది. చిన్నచిన్న ఫంక్షన్లన్నింటికీ దీన్ని తగిలించనక్కర్లేదు. నెట్‌వర్క్, డేటాబేస్, డిస్క్ దాటే చోట్ల స్పాన్ ఉంటే చాలావరకు సరిపోతుంది.

రాసే చోట అసలు బరువు

ఫార్మాటింగ్ దాటాక బరువు ఎక్కువగా పడేది బయటికి రాసే చోట. ట్రేసింగ్-సబ్‌స్క్రైబర్ మామూలుగా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి అక్కడికక్కడే రాస్తుంది. కంటైనర్లో లాగులు లాగేసే ప్రోగ్రాం నెమ్మదిస్తే పైపు నిండిపోతుంది, రాసే థ్రెడ్ అక్కడే ఆగుతుంది. అది టోకియో వర్కర్ థ్రెడ్ అయితే దాని మీద నడవాల్సిన రిక్వెస్టులకూ దెబ్బ. లాగ్ ఒక్క లైనే, నష్టం మాత్రం అందరికీ.

ట్రేసింగ్-అపెండర్ క్రేట్‌లోని నాన్-బ్లాకింగ్ రైటర్ దీనికి మందు. లైన్లను ఒక క్యూలో వేస్తే, రాసే పని వేరే థ్రెడ్ చూసుకుంటుంది. క్యూ పరిమితి మనం మార్చకపోతే 1,28,000 లైన్లు. అది నిండితే ఆగకుండా కొత్త లైన్లను పారేస్తుంది, ఎన్ని పారేసిందో లెక్క మాత్రం ఉంచుతుంది. పారేయకూడదంటే ఆ అమరిక మార్చుకోవచ్చు, అప్పుడు రాసేవాళ్లు మళ్లీ ఆగాల్సి వస్తుంది. మామూలు లాగులకు పారేయడమే సబబు. డబ్బు లావాదేవీల ఆడిట్ రికార్డులను ఈ దారిన పంపకూడదు. వాటి చోటు డేటాబేస్.

ఇక్కడే ఒక చిన్న రస్ట్ మెలిక ఉంది. ఆ రైటర్‌తో పాటు ఒక గార్డ్ కూడా చేతికొస్తుంది. దాన్ని ఉత్త అండర్‌స్కోర్‌కి కట్టబెడితే అక్కడికక్కడే డ్రాప్ అయిపోయి, రాసే థ్రెడ్ కథ ముగుస్తుంది. అండర్‌స్కోర్ తర్వాత గార్డ్ అని పేరు రాస్తే మెయిన్ చివరిదాకా బతుకుతుంది. ప్రాసెస్ ఎగ్జిట్ ఫంక్షన్‌తో ప్రోగ్రాంను ముగించినా, పానిక్‌ను అబార్ట్‌గా మార్చినా డ్రాప్‌లు నడవవు. క్యూలో మిగిలిన లైన్లు పోతాయి. క్రాష్‌కు ముందరి లైన్లే మనకు అన్నింటికన్నా ముఖ్యం కనుక, పానిక్ హుక్ పెట్టి, కనీసం ఆ సందేశాన్ని నేరుగా స్టాండర్డ్ ఎర్రర్‌కి రాయించాలి.

మెట్రిక్స్: లేబుల్ లెక్క

మెట్రిక్స్‌లోనూ లాగ్ క్రేట్ తరహా పద్ధతే మెట్రిక్స్ అనే క్రేట్ పాటిస్తుంది. కౌంటర్!, గేజ్!, హిస్టోగ్రామ్! మాక్రోలు లైబ్రరీల్లో, ఎక్స్‌పోర్టర్ చివరి ప్రోగ్రాంలో. దీనితో పాటు ప్రొమీథియస్ ప్రాజెక్టు నడిపే ప్రొమీథియస్-క్లయింట్, టైకేవీ డేటాబేస్ బృందం నుంచి వచ్చిన ప్రొమీథియస్ క్రేట్ కూడా వాడుకలో ఉన్నాయి. కౌంటర్ పెంచడం అంటే ఒక అటామిక్ కూడిక. ఇంతకంటే చవకైన పరిశీలన దొరకడం కష్టం. చాలా వేడిగా తిరిగే చోట లేబుళ్లతో ప్రతిసారీ వెతకకుండా, కౌంటర్ హ్యాండిల్‌ను ముందే తీసుకుని దాచుకుంటే ఆ కాస్త ఖర్చూ తగ్గుతుంది.

ప్రమాదమంతా లేబుళ్లలో ఉంది. ఒక సర్వీసుకు 20 ఎండ్‌పాయింట్లు, 4 రకాల స్టేటస్‌లు అనుకుందాం. వ్యవధి హిస్టోగ్రామ్‌కు 10 బకెట్లు పెడితే, అనంతం బకెట్, మొత్తం, లెక్క కలిపి ఒక్కో జంటకు 13 సిరీస్‌లు. అంతా కలిపి 1,040. ప్రొమీథియస్‌కు ఇది లెక్కలోకే రాదు. ఎవరో ఉత్సాహపడి యూజర్ ఐడీని లేబుల్‌గా చేర్చారు. 50,000 మంది యూజర్లుంటే 5 కోట్ల 20 లక్షల దాకా పోవచ్చు. మన సర్వీసు మెమరీ ఉబ్బుతుంది, ప్రొమీథియస్ కూలబడుతుంది. యూఆర్‌ఎల్‌ను ఉన్నది ఉన్నట్టు లేబుల్ చేసినా ఇదే గతి. లేబుల్‌గా పెట్టాల్సింది రూట్ నమూనా, అందులోని ఐడీ కాదు. ఐడీల చోటు స్పాన్ ఫీల్డుల్లో.

సగటు మీద ఆధారపడటం రెండో తప్పు. వంద రిక్వెస్టుల్లో 98 ఒక్కోటి 10 మిల్లీసెకన్లలో, రెండు మూడేసి సెకన్లలో ముగిశాయనుకోండి. సగటు 70 మిల్లీసెకన్లలోపే. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, ఇద్దరు కస్టమర్లు విసుగెత్తి వెళ్లిపోతారు. హిస్టోగ్రామ్ ఉండేది ఇందుకే. మెట్రిక్స్ క్రేట్ తాలూకు ప్రొమీథియస్ ఎక్స్‌పోర్టర్‌కు బకెట్లు చెప్పకపోతే హిస్టోగ్రామ్‌ను సమ్మరీగా చూపిస్తుంది. నాలుగు సర్వర్ల సమ్మరీల్లోని పర్సెంటైల్స్‌ను కలిపి ఒక్కటిగా లెక్కించలేం, బకెట్లనైతే కూడొచ్చు. ఒకటికి మించి సర్వర్లు నడిపేవాళ్లు బకెట్లు తప్పకుండా ఇవ్వాలి.

ఓపెన్‌టెలిమెట్రీ ఎప్పుడు?

ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు ప్రాజెక్టులు 2019లో కలిసిపోయి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి. ఒక భాషలో రాసిన సర్వీసు మొదలుపెట్టిన ట్రేస్‌ను మరో భాషలో రాసినది కొనసాగించగలగడం దీని ప్రయోజనం. డబ్ల్యూ3సీ 2020లో ప్రమాణంగా నిలిపిన ట్రేస్‌పేరెంట్ హెడర్ దీనికి ఆధారం. అందులో వెర్షన్, 32 హెక్స్ అంకెల ట్రేస్ ఐడీ, 16 అంకెల పేరెంట్ ఐడీ, ఫ్లాగులు ఉంటాయి. జావా గేట్‌వే వెనక రస్ట్ సర్వీసు, దాని వెనక పైథాన్ మోడల్ ఉన్న చోట ఇది లేకుండా పని జరగదు.

రస్ట్‌లో ట్రేసింగ్-ఓపెన్‌టెలిమెట్రీ అనే లేయర్ స్పాన్‌లను ఈ రూపంలోకి మారుస్తుంది, వాటిని ఎక్స్‌పోర్టర్ ఓటీఎల్‌పీ ప్రోటోకాల్‌లో పంపిస్తుంది. జీఆర్‌పీసీకి 4317, హెచ్‌టీటీపీకి 4318 మామూలు పోర్టులు. అయితే ఇక్కడ బరువు కనిపిస్తుంది. జీఆర్‌పీసీ దారిలో టోనిక్, ప్రోస్ట్ వంటి డిపెండెన్సీలు వెంట వస్తాయి, కంపైల్ సమయం పెరుగుతుంది. ఈ క్రేట్లు ఏళ్లుగా 0.x వెర్షన్లలో నడిచినవి. ఒకటి మారిస్తే మిగతావీ కలిపి మార్చాలి, లేకపోతే టైపులు కుదరవు. బ్యాచ్‌గా పంపే ఎక్స్‌పోర్టర్ పెట్టి, ముగింపులో షట్‌డౌన్ పిలవడం మరిచిపోతే చివరి బ్యాచ్ పోతుంది.

శాంప్లింగ్ ఎక్కడ చేయాలన్నది ఇంకో నిర్ణయం. రిక్వెస్ట్ మొదట్లోనే ఉంచాలా వద్దా అని తేల్చేస్తే సర్వీసు మీద బరువు తగ్గుతుంది, అరుదుగా వచ్చే ఎర్రర్ ట్రేస్ జారిపోవచ్చు. అంతా పోగుచేసే కలెక్టర్ సర్వర్‌కు పంపి, అక్కడ ఎర్రర్లనూ నెమ్మదైనవాటినీ ఎంచుకుంటే ఏదీ జారదు, కానీ పంపే ఖర్చూ కలెక్టర్ మెమరీ ఖర్చూ మీద పడతాయి. ఒకే బైనరీ, ఒకే డేటాబేస్ ఉన్న చిన్న సర్వీసుకు ఈ తతంగమంతా ముందే అవసరం లేదు.

ఇంకా తేలిక కావాలంటే

ట్రేసింగ్ కూడా బరువనిపించే చోట్లు నిజంగానే ఉన్నాయి. ఒక్క రిక్వెస్ట్‌లో వందల స్పాన్లు తెరిచే డేటాబేస్ ఇంజిన్లు అలాంటివి. టైకేవీ వాళ్లు మినీట్రేస్‌గా మొదలుపెట్టిన లైబ్రరీ 2024లో ఫాస్ట్రేస్‌గా పేరు మార్చుకుంది. స్పాన్లను థ్రెడ్ లోకల్ నిల్వలో పోగుచేసి, మూటగా వెనక థ్రెడ్‌కు పంపడం, సమయాన్ని ప్రాసెసర్ కౌంటర్ నుంచే చదవడం దాని పద్ధతి. ఎనేబుల్ ఫీచర్ ఆన్ చేయకపోతే దాని కోడ్ కంపైల్‌లోనే మాయమవుతుంది కనుక లైబ్రరీలు నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే ట్రేసింగ్ చుట్టూ పెరిగిన లేయర్ల సంపద దీనికి లేదు. ఇప్పటికే ట్రేసింగ్‌తో మాట్లాడే లైబ్రరీల సమాచారాన్ని కలుపుకోవాలంటే వేరే వంతెన కావాలి.

తేలికదనానికి అందమైన ఉదాహరణ మాత్రం మైక్రోకంట్రోలర్ల లోకంలో ఉంది. ఫెర్రస్ సిస్టమ్స్ తయారుచేసిన డెఫ్‌ఎంటీ క్రేట్‌లో ‘ఉష్ణోగ్రత ఎక్కువైంది’ లాంటి వాక్యాలు చిప్‌లోకి అసలు ఎక్కవు. అవి ఈఎల్‌ఎఫ్ ఫైల్లోని ఒక సెక్షన్‌లో, మన కంప్యూటర్ మీదే ఉంటాయి. చిప్ పంపేది వాక్యం నంబరు, విలువల బైట్లు మాత్రమే. వాక్యం అల్లే పని కంప్యూటర్‌ది. కొద్ది కిలోబైట్ల మెమరీలో ఫార్మాటింగ్ కోడ్‌కు చోటు లేదన్న ఇబ్బందిలోంచి పుట్టిన ఈ ఉపాయం, నాలుగు ఖర్చుల్లో రెండోదాన్ని ఏకంగా వేరే యంత్రానికి బదిలీ చేసింది. డీట్రేస్ అనే పరిశీలన పనిముట్టు ఉన్న సిస్టములకు ఆక్సైడ్ కంపెనీ ఇచ్చిన యూఎస్‌డీటీ క్రేట్ ఇంకో దారి: ప్రోబ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఖర్చు దాదాపు శూన్యం, నడుస్తున్న ప్రాసెస్‌ను బయటి నుంచే తట్టి అడగొచ్చు.

టోకియో-కన్సోల్‌ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2021 చివర్లో విడుదలైన ఈ పనిముట్టు టాప్ కమాండ్ తరహాలో అసింక్ టాస్కులను తెర మీద చూపిస్తుంది. అవెయిట్‌కు రాకుండా థ్రెడ్‌ను పట్టుకు కూర్చున్న టాస్క్ ఏదో దొరికిపోతుంది. దానికోసం టోకియో_అన్‌స్టేబుల్ జెండాతో బిల్డ్ చేయాలి. ప్రతి టాస్క్ కదలికనూ రికార్డు చేస్తుంది కాబట్టి, డెవలప్‌మెంట్‌లో ఉంచి ప్రొడక్షన్‌లో తీసేయడం మంచిది.

రాయకూడనివి, దాచాల్సినవి

లాగ్ ఫైలు కూడా దాడికి ద్వారమే. బయటివాళ్లు పంపిన స్ట్రింగులో టెర్మినల్ ఎస్కేప్ కోడ్లుంటే, లాగ్ చూసేవాడి తెర మీద మాయ చేయొచ్చు. ట్రేసింగ్-సబ్‌స్క్రైబర్‌లో ఈ లోపాన్ని 2025లో 0.3.20 వెర్షన్‌తో సరిచేశారు. అదే ఏడాది సెప్టెంబరులో క్రేట్స్.ఐఓ నుంచి ఫాస్టర్_లాగ్, అసింక్_ప్రింట్‌ఎల్‌ఎన్ అనే రెండు క్రేట్లను తొలగించారు. ఫాస్ట్_లాగ్ అనే అసలు క్రేట్‌ను పోలిన పేరు, రూపం పెట్టుకుని, క్రిప్టో వాలెట్ కీలను వెతికి బయటికి పంపేవి అవి. ‘ఇంకా వేగమైన లాగింగ్’ అన్న పేరు చూసి కార్గో ఫైల్లో చేర్చేముందు ఎవరు నడుపుతున్నారో చూసుకోవాలని అది చెప్పింది.

మన దేశంలో నడిచే సర్వీసులకు నాలుగో ఖర్చును, అంటే దాచే ఖర్చును, చట్టం కూడా పెంచింది. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టముల లాగులను 180 రోజుల పాటు భద్రపరచాలి. సిస్టముల గడియారాలను నిర్దేశించిన ఎన్‌టీపీ సర్వర్లతో కలిపి ఉంచాలి. గడియారాలు తప్పితే ట్రేస్‌లో పిల్ల స్పాన్ తల్లికంటే ముందు మొదలైనట్టు కనిపిస్తుంది కనుక ఇది మన మేలుకే. ఇంకోవైపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తుల సమాచారాన్ని అవసరానికి మించి ఉంచుకోవద్దంటుంది. రెండూ కుదరాలంటే లాగులో ఫోన్ నంబరు, ఆధార్ అంకెలు మొదటే పడకూడదు. 180 రోజులు దాచాల్సిన ఫైల్లో తర్వాత ఏరివేయడం కంటే, స్పాన్ ఫీల్డు రాసేటప్పుడే వదిలేయడం చవక.

తేలిందేమిటి

లైబ్రరీ రాసేవాళ్లకు సలహా చిన్నది: ట్రేసింగ్ లేదా లాగ్ మాక్రోలు వాడండి, సబ్‌స్క్రైబర్‌ను మీరు బిగించకండి. సర్వీసు రాసేవాళ్లకు నా ఓటు ట్రేసింగ్‌కి, దానితో పాటు మెట్రిక్స్ క్రేట్‌కి. జేసన్ అవుట్‌పుట్, నాన్-బ్లాకింగ్ రైటర్, రిక్వెస్ట్ రేటు-ఎర్రర్లు-వ్యవధి అనే మూడు మెట్రిక్స్, బయటి ప్రపంచాన్ని తాకే చోట్ల స్పాన్లు. మొదటి రోజుకు ఇది చాలు. రెండో సర్వీసు వచ్చి, రిక్వెస్ట్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడం మొదలైతే ఓపెన్‌టెలిమెట్రీ లేయర్ చేర్చుకోవచ్చు. మాక్రోలు మారవు కాబట్టి పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు. అన్నీ ఒక్క పెట్టెలో కావాలనుకునేవాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ 2024లో బయటపెట్టిన ఫౌండేషన్స్ లైబ్రరీని చూడొచ్చు. ఫాస్ట్రేస్ వంటివి ప్రొఫైలర్ వేలెత్తి చూపాకే.

ఆ వేలు ఎటు చూపుతుందో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఒకే లోడ్ టెస్టును మూడు అమరికలతో నడపండి: సబ్‌స్క్రైబర్ లేకుండా, ప్రొడక్షన్ ఫిల్టర్‌తో, డీబగ్ అంతా ఆన్ చేసి. సగటు వద్దు, 99వ పర్సెంటైల్ చూడండి. మొదటి రెండింటికీ మధ్య తేడా కనిపించకపోతే లైబ్రరీ మార్చే ఆలోచన కట్టిపెట్టొచ్చు. తేడా కనిపిస్తే ముందు వెతకాల్సింది ఫార్మాటింగ్‌లోనూ, రాసే చోటనూ. మూడో అమరికలో సర్వర్ తట్టుకోలేకపోతే అది కూడా పనికొచ్చే సమాచారమే: ఏదో ఒక రాత్రి డీబగ్ ఆన్ చేయాల్సి వచ్చినప్పుడు మొత్తానికి కాకుండా ఏ మాడ్యూల్‌కు మాత్రమే చేయాలో ముందే రాసి పెట్టుకోవచ్చు.